పాత గిటార్ పెడల్ రిపేరు: బరంపురం వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు చర్చి కాయిర్లలో, మెలోడీ పార్టీల్లో గిటార్ వాయించేవాళ్ల ఇళ్లలో ఇప్పటికీ 1970, 80ల నాటి పెడల్స్, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు, బయటపడుతుంటాయి. కొన్ని ఓడల్లో పనిచేసిన మేనమామలు తెచ్చినవి, కొన్ని కోల్‌కతా లాల్‌బజార్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి. వాటిని పట్టుకుని వచ్చేవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. రేడియో, టీవీ రిపేరు తెలిసినవాళ్లకు ఇందులో సగం తెలిసిన సంగతే. సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టనివాళ్లు మాత్రం ముందు ఏదైనా పాడైన రేడియో బోర్డు మీద చెయ్యి తిప్పుకోండి, తర్వాతే పెడల్ జోలికి వెళ్లండి.

మా నాన్నగారి పెడల్ నిజంగా పాతదో కాదో ఎలా తెలుస్తుంది?

రంగు వెలిసిందని పాతది అనుకోలేం. లోపల చూడాలి. చాలా ఐసీల మీద నాలుగు అంకెల కోడ్ ఉంటుంది: మొదటి రెండూ సంవత్సరం, తర్వాతి రెండూ వారం. 8114 అని ఉంటే 1981లో 14వ వారం అన్నమాట. అమెరికా పెడల్స్‌లో వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే పార్టు) వీపు మీద 137తో మొదలయ్యే అంకెలుంటే ఆ పాట్ సీటీఎస్ కంపెనీది. దాని తర్వాతి అంకెల్లో కూడా సంవత్సరం, వారం ఉంటాయి. పెడల్ ఆ తేదీకి ముందు తయారై ఉండదు, తర్వాత ఎప్పుడైనా కావచ్చు.

స్థూలంగా ఒక అంచనాకు: బాస్ కంపెనీ చిన్న పెడల్స్ 1977లో మొదలయ్యాయి, నారింజ రంగు డీఎస్-1 1978లో వచ్చింది. ఎంఎక్స్ఆర్ కంపెనీ ఫేజ్ 90 అంతకు ముందుది, 1974 నాటిది. కింద ‘మేడ్ ఇన్ జపాన్’ అని ఉన్న బాస్ పెడల్ దొరికితే జాగ్రత్త చేసుకోండి. ఆ తర్వాత తయారీ తైవాన్‌కు మారింది. తైవాన్‌వి చెడ్డవని కాదు, ధరలో మాత్రం తేడా ఉంటుంది.

పెడల్ అసలు పలకడం లేదు. ముందు ఏం చూడాలి?

స్క్రూడ్రైవర్ తియ్యకండి. ముందు వేరే కేబుల్, కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టి చూడండి. ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ గుచ్చకుండా లైటు కోసం ఎదురుచూసేవాళ్లు చాలామంది. ఈ పెడల్స్‌లో ఎక్కువ వాటికి విడిగా ఆన్-ఆఫ్ స్విచ్ ఉండదు. ఇన్‌పుట్ జాక్ స్టీరియో రకం. మోనో కేబుల్ గుచ్చగానే బ్యాటరీ నెగటివ్ తీగ గ్రౌండ్‌కు కలిసి కరెంటు మొదలవుతుంది. అందుకే కేబుల్ వదిలేస్తే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. ఇంకో మాట, ఎంఎక్స్ఆర్ తొలి పెడల్స్‌కు లైటే లేదు. లైటు వెలగలేదని వాటిని విప్పితే వృథా శ్రమ.

తర్వాత ఒక పరీక్ష చెయ్యండి. ఎఫెక్ట్ ఆపినప్పుడు, అంటే బైపాస్‌లో, మామూలు గిటార్ శబ్దం వస్తోందా? పాత ఎంఎక్స్ఆర్, బిగ్ మఫ్ లాంటి వాటిలో కాలితో నొక్కే స్విచ్ సిగ్నల్‌ను నేరుగా అవతలికి పంపుతుంది, బ్యాటరీ లేకపోయినా బైపాస్ పలకాలి. పలకకపోతే తప్పు జాక్‌లో, తీగల్లో, లేదా స్విచ్‌లో ఉంది. సర్క్యూట్ జోలికి వెళ్లక్కర్లేదు. బాస్, ఐబనేజ్ పెడల్స్ అలా కాదు. వాటిలో స్విచింగ్ జేఫెట్ అనే ట్రాన్సిస్టర్లతో జరుగుతుంది, బైపాస్‌లో కూడా సిగ్నల్ బఫర్ ట్రాన్సిస్టర్ల గుండానే పోతుంది. కరెంటు లేకపోతే రెండూ మూగబోతాయి. వీటిలో బైపాస్ బాగుండి ఎఫెక్ట్ మాత్రమే రాకపోతే పవర్, జాక్‌లు బాగున్నట్టే, తప్పు లోపల ఉన్నట్టు. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

ఇంట్లో సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ ఉంది. పిన్ను సరిపోయింది, పెట్టొచ్చా?

వద్దు బాబూ. మన వైపు పెడల్స్ పోవడానికి పెద్ద కారణం ఇదే. సెట్‌టాప్ బాక్సులు, వైఫై రౌటర్ల అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులు, పిన్ను మధ్యలో పాజిటివ్. గిటార్ పెడల్స్‌కు ఎక్కువగా 9 వోల్టులు, మధ్యలో నెగటివ్. పిన్ను సైజు ఒకటే, లోపల అంతా తిరగబడి ఉంటుంది. అడాప్టర్ మీద చిన్న బొమ్మ ఉంటుంది, మధ్య చుక్కకు ఏ గుర్తు కలిసిందో చూడండి. అయినా ఒకసారి మల్టీమీటర్‌తో చూసుకోవడం మేలు.

పాత వాటిలో ఇంకా మూడు చిక్కులున్నాయి. ఒకటి, 80ల నాటి బాస్ పెడల్స్ మీద ఏసీఏ అని రాసి ఉంటే అవి రెగ్యులేషన్ లేని, సుమారు 12 వోల్టులు ఇచ్చే అడాప్టర్ కోసం చేసినవి. ఇప్పటి 9 వోల్టుల అడాప్టర్ పెడితే లైటు మసగ్గా వెలుగుతుంది, శబ్దం నీరసంగా వస్తుంది. పెడల్ పాడైందని కంగారు పడతారు గానీ, బ్యాటరీ పెడితే చక్కగా పలుకుతుంది. దానికని 12 వోల్టుల అడాప్టర్ తెచ్చి, అదే తీగ మీద మిగతా పెడల్స్ కూడా తగిలించకండి.

రెండు, పాత ర్యాట్, ఎలక్ట్రో హార్మోనిక్స్ పెడల్స్‌లో పవర్ జాక్ మొబైల్ ఇయర్‌ఫోన్ జాక్ సైజులో ఉంటుంది. అందులో సాధారణంగా మొన పాజిటివ్.

మూడోది అన్నిటికంటే ప్రమాదం. పీఎన్‌పీ రకం జర్మేనియం ట్రాన్సిస్టర్లున్న పాత ఫజ్ (శబ్దాన్ని గరుకుగా చేసే) పెడల్స్‌లో గ్రౌండ్ పాజిటివ్‌కు కలిసి ఉంటుంది. దాన్ని మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ మీద పెడితే అడాప్టర్ షార్ట్ అయిపోతుంది. దానికి బ్యాటరీయే వాడండి.

ఇన్వర్టర్ మీద నడిపినప్పుడు జుయ్‌మని వస్తే పెడల్‌ను తిట్టకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు అలాగే అరుస్తాయి.

తప్పు అడాప్టర్ పెట్టేశాం. ఒకసారి కాలిన వాసన వచ్చింది. ఇక అంతేనా?

చాలాసార్లు అంతా పోదు. పవర్ జాక్ దగ్గర్లోనే నల్లటి డయోడ్ ఒకటి, ఒంటిమీద తెల్ల గీతతో ఉంటుంది. తిరగబడిన కరెంటు వస్తే తన మీదుగా షార్ట్ చేసి మిగతా వాటిని కాపాడుతుంది, ఆ పనిలో తనే చచ్చిపోతుంది. మీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి అటూ ఇటూ చూడండి. రెండు వైపులా మోగితే డయోడ్ పోయింది. 1ఎన్4001 నుంచి 4007 వరకు ఏదైనా వెయ్యొచ్చు, ఏ రేడియో మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. తెల్ల గీత పాజిటివ్ వైపు ఉండాలి. దాని పక్కన రెసిస్టర్ నల్లబడి ఉంటే అదీ మార్చండి. ఇవి రెండూ వేశాక కూడా పలకకపోతే అప్పుడు ఐసీని అనుమానించండి.

విప్పేటప్పుడు ఏం జాగ్రత్తలు?

ఫోన్‌తో ఫొటోలు తీయండి, ప్రతి తీగ రంగూ ఎక్కడికి పోతోందో కనబడేలా. నలభై ఏళ్ల తీగలు రెండుసార్లు వంచితే మొదట్లోనే తెగుతాయి, అప్పుడు ఆ ఫొటోయే దిక్కు. జాక్ నట్లను కటింగ్ ప్లేయర్‌తో పట్టి తిప్పకండి. అంచులు అరిగిపోతాయి, పెయింట్ గీసుకుపోతుంది. బాక్స్ స్పానర్ వాడండి.

మూత తీయగానే బ్యాటరీ క్లిప్ చూడండి. ఎన్నో ఏళ్ల కింద మరిచిపోయిన బ్యాటరీ కారి ఉంటే క్లిప్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పొక్కులు కట్టి ఉంటాయి. క్లిప్ మార్చడం తేలిక, కానీ అంతటితో ఆగొద్దు. ఆ రసం ఎర్ర తీగ తొడుగు లోపల పాకుతూ బోర్డు దాకా పోతుంది. తొడుగు కొంచెం ఒలిచి రాగి తీగ నల్లబడిందేమో చూడండి. నల్ల రాగికి టంకం అంటదు, ఆ తీగ మొత్తం తీసెయ్యాల్సిందే. మూత లోపలి స్పాంజ్ కూడా చూడండి. కొన్నిటిలో అది కరిగి జీడిపాకంలా బోర్డుకు అంటుకుని ఉంటుంది. ప్లాస్టిక్ ముక్కతో గీకి, మిగిలింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఏ పనిముట్లు కావాలి?

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 60/40 సోల్డర్, రోజిన్ ఫ్లక్స్, సోల్డర్ పీల్చే పంపు, మల్టీమీటర్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే. మొబైల్ షాపుల్లోని హాట్ ఎయిర్ మెషిన్ వీటికి వద్దు. పాత బోర్డుల రాగి గీతలు సన్నటి జిగురు మీద నిలిచి ఉంటాయి, ఆ వేడికి పైకి లేచిపోతాయి.

పాట్ తిప్పితే గరగరమంటోంది. కొబ్బరి నూనె చుక్క వేస్తే పోతుందన్నారు?

ఎవరన్నారో గానీ వాళ్ల పెడల్‌లో వేసుకోమనండి. నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, కొన్నాళ్లకు గరగర రెట్టింపవుతుంది. తలుపు బందులకు కొట్టే తుప్పు స్ప్రే కూడా వద్దు. కాంటాక్ట్ క్లీనర్‌ను పాట్ కాళ్ల దగ్గరి సందులోంచి ఒక్కసారి కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై, ముప్పై సార్లు తిప్పండి. ఆరనివ్వండి.

శుభ్రం చేశాక కూడా గరగర పోకపోతే పాట్‌ను మార్చేయకండి, అక్కడ డీసీ వోల్టేజ్ ఉందేమో కొలవండి. పాట్‌కు ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి శబ్దాన్ని మాత్రమే పంపేది) లీకైతే డీసీ దాని మీదికి వచ్చి, పాట్ బాగున్నా గరగరలాడిస్తుంది. కెపాసిటర్ మారిస్తే నిశ్శబ్దం. ఫజ్ ఫేస్ లాంటి పెడల్స్‌లో ఫజ్ పాట్ మీద డీసీ ఉండటం డిజైన్‌లోనే ఉంది. దానికి కాస్త గరగర సహజం.

పాతది కాబట్టి కెపాసిటర్లన్నీ మార్చేయమన్నాడు మెకానిక్. మార్చమంటారా?

ఇదొక జబ్బు. పవర్ యాంప్లిఫయర్లు రిపేరు చేసే అలవాటుతో పెడల్‌ను కూడా అలాగే చూస్తారు. ఆరిపోయేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, అంటే చిన్న డబ్బాల్లాంటివి. లోపలి ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. చాక్లెట్ రంగు, ఆకుపచ్చ ఫిల్మ్ కెపాసిటర్లూ, బిళ్లల్లాంటి సిరామిక్‌లూ సాధారణంగా మీకంటే నాకంటే ఎక్కువ కాలం బతుకుతాయి. ఆ పెడల్ శబ్దం ఆ విలువల మీదే నిలబడి ఉంది. బాగున్నవాటిని పీకి కొత్తవి వేస్తే బాగుపడేది ఏమీ లేదు, ప్రతి పీకుడుకూ బోర్డు మీద ఒక రాగి చుక్క లేచే ప్రమాదం మాత్రం ఉంది.

కాబట్టి వరస ఇది. హమ్ వస్తోందా? పవర్ దగ్గరి పెద్ద ఎలక్ట్రోలైటిక్, ఎక్కువగా 100 మైక్రోఫారడ్‌లది, మార్చండి. బేస్ తగ్గి శబ్దం పల్చబడిందా? సిగ్నల్ దారిలోని చిన్న ఎలక్ట్రోలైటిక్‌లను కొలవండి, విలువ బాగా పడిపోయినవే తీయండి. పై భాగం ఉబ్బినా, అడుగున తడి మరక ఉన్నా కొలవక్కర్లేదు, తీసెయ్యండి. కొత్తది అదే విలువ, 16 వోల్టులు లేదా అంతకంటే ఎక్కువ. నెగటివ్ గీత ఎటు ఉందో ఫొటోలో సరిచూసుకోండి. తీసినవి చిన్న ప్లాస్టిక్ కవర్‌లో వేసి పెడల్‌తోనే ఉంచండి. రేపు అమ్మినా కొనేవాడు ముందు అవే అడుగుతాడు.

లైటు వెలుగుతోంది, బైపాస్ ఉంది, ఎఫెక్ట్ మాత్రం లేదు. తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ఇక్కడే రిపేరు అసలు మొదలవుతుంది, తొందరపడితే చెడేది కూడా ఇక్కడే. రెండు దారులున్నాయి, వోల్టేజ్ కొలవడం, శబ్దాన్ని వెంబడించడం.

ముందు వోల్టేజ్. మీటర్ నల్ల తీగ గ్రౌండ్‌కు పెట్టి, ఎనిమిది కాళ్ల డ్యూయల్ ఆప్‌యాంప్ (సిగ్నల్‌ను పెంచే) ఐసీ మీద చూడండి. 8వ కాలు మీద దాదాపు 9 వోల్టులు, 4వ కాలు మీద సున్నా, మిగతా వాటి మీద దాదాపు సగం, అంటే 4.5 ఉండాలి. అన్నిటి మీదా సగం లేకపోతే ఆ సగం వోల్టును తయారుచేసే రెండు రెసిస్టర్లు, వాటి పక్కన ఉండే ఎలక్ట్రోలైటిక్ చూడండి. అది షార్ట్ అయితే ఐసీ మొత్తం కిందకి కూలబడుతుంది. ఒకే ఒక్క కాలు మీద 3, 4 వోల్టులు వస్తే కంగారు వద్దు. మన దగ్గర అందరి చేతుల్లో ఉండే పసుపు రంగు చవక మీటర్ లోపలి నిరోధం 1 మెగాఓమ్ మాత్రమే. పెద్ద రెసిస్టర్ గుండా వచ్చే వోల్టేజ్‌ను అదే కొంత లాగేస్తుంది.

వోల్టేజ్‌లు సరిగ్గా ఉంటే ఆడియో ప్రోబ్ చేసుకోండి. పాత గిటార్ కేబుల్ ఒకటి మధ్యకు కోసి, లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం పెట్టండి. దాని రెండో కాలే మీ ప్రోబ్ మొన. బయటి జల్లెడ తీగకు క్రొకడైల్ క్లిప్ పెట్టి పెడల్ గ్రౌండ్‌కు కరిపించండి. కేబుల్ అవతలి చివర యాంప్‌లో. యాంప్ వాల్యూమ్ బాగా తగ్గించండి, లేకపోతే మొన తగలగానే చెవులు చిల్లులు పడతాయి. పెడల్‌ను బ్యాటరీ మీదే నడపండి. ఇంట్లో పిల్లాడికి గిటార్ ఇచ్చి ఒకే కార్డ్ కొడుతూ ఉండమని, మీరు ఇన్‌పుట్ జాక్ నుంచి మొదలెట్టి సర్క్యూట్ బొమ్మలోని వరసలో ఒక్కో చోట మొన ఆనించండి. కెపాసిటర్‌కు ఇవతల శబ్దం వచ్చి అవతల రాకపోతే దొంగ దొరికినట్టే. ఐసీ లోపలికి శబ్దం పోయి బయటికి రాకపోతే, వోల్టేజ్‌లు మళ్లీ ఒకసారి చూసి అప్పుడు ఐసీని అనుమానించండి. పాత పెడల్స్ సర్క్యూట్ బొమ్మలు చాలావరకు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. బొమ్మ లేకుండా ప్రోబ్ పట్టుకోవడం చీకట్లో తడుముకోవడమే.

ఏదీ దొరక్కపోతే టంకాలన్నీ భూతద్దంతో చూడండి. జాక్‌లు, పాట్‌ల కాళ్ల చుట్టూ సన్నటి వలయంలా పగులు ఉంటే ఒక్కసారి వేడి చేసి, కొంచెం కొత్త సోల్డర్ అద్దండి.

4558 చిప్ తీసి ఖరీదైనది వేస్తే శబ్దం బాగుంటుందా?

ఐబనేజ్ పాత ట్యూబ్ స్క్రీమర్ పెడల్‌లో ఉన్న జేఆర్‌సీ 4558డీ కోసమే జనం వెతుక్కుంటున్నారు. ఉన్నదాన్ని ఉండనివ్వండి.

డిలే, కోరస్ పెడల్స్ సంగతి?

వాటిలో సిగ్నల్‌ను కాస్త ఆలస్యంగా పంపే బకెట్ బ్రిగేడ్ చిప్‌లు ఉంటాయి: బాస్ సీఈ-2 కోరస్‌లో ఎంఎన్3007, తొలి డీఎం-2 డిలేలో ఎంఎన్3005. ప్యానసోనిక్ వాటి తయారీ ఎప్పుడో ఆపేసింది. చవగ్గా దొరికే వాటిలో పేరు చెరిపి మళ్లీ అచ్చేసినవి చాలా తిరుగుతున్నాయి. చేతి స్టాటిక్ కరెంటుకే ఇవి పోతాయి. ముట్టుకునే ముందు ఎర్త్ అయిన లోహాన్ని తాకండి. బోర్డు మీద స్క్రూలా తిరిగే చిన్న ట్రిమ్మర్లు కనబడగానే తిప్పి చూడాలనిపిస్తుంది. తిప్పాల్సి వస్తే ముందు సన్నటి మార్కర్‌తో పాత స్థానం గుర్తు పెట్టుకోండి.

మా జర్మేనియం ఫజ్ చలికాలం బంగారంలా పలికి, ఎండాకాలం చచ్చుబడుతోంది. ఎందుకు?

అది రిపేరు కాదు, దాని స్వభావం. జర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజ్ కరెంటు ఉంటుంది. వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఆ లీకేజ్ దాదాపు రెట్టింపవుతుంది. దాంతో బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజ్ స్థాయి) జరిగిపోయి నోట్ మధ్యలో తెగి ఉమ్మినట్టు వస్తుంది. రాయగడలో మే నెల మిట్టమధ్యాహ్నం సౌండ్ చెక్ చేసి, రాత్రి పదింటికి స్టేజ్ ఎక్కితే రెండూ రెండు పెడల్స్‌లా ఉంటాయి. చైత్రంలో వచ్చే ఠాకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) ప్రోగ్రాములకు ఆ పెడల్‌ను లైట్ల కింద, ఎండలో పెట్టకుండా యాంప్ వెనక నీడలో ఉంచండి.

రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ మీద సుమారు 4.5 వోల్టులు, పీఎన్‌పీ అయితే మైనస్ 4.5, ఉండేలా బయాస్ సరిచేసుకోవచ్చు. అక్కడి రెసిస్టర్ బదులు ట్రిమ్మర్ పెడితే ఋతువును బట్టి తిప్పుకోవచ్చు, తీసిన రెసిస్టర్ మాత్రం దాచండి. ట్రాన్సిస్టర్ నిజంగానే పోతే మన పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఉండే ఏసీ128 పనికొస్తుంది. పది పరీక్షిస్తే రెండు మూడు బాగా పలుకుతాయి.

గోపాలపూర్ దగ్గర మా ఇల్లు. ఏటా జాక్‌లు నల్లబడుతున్నాయి.

ఉప్పు గాలి. జాక్ లోపల కేబుల్ మొనను తాకే రేకును ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి. నల్లదనం పోకపోతే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. గరుకు కాగితం వాడితే పైపూత పోయి తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. వానాకాలం పెడల్‌ను గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. బీరువాలో బట్టల మధ్య పెట్టేవాళ్లకు ఒక మాట, కలరా ఉండలు పక్కన ఉండకూడదు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

తుఫానులో పెడల్ నీళ్లలో మునిగింది. బాగవుతుందా?

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తర్వాత ఇదే ప్రశ్న ఎక్కువ. వరద నీరే పెడల్‌ను చంపదు. తడి మీద కరెంటు ఇవ్వడం, బురద లోపలే ఎండిపోవడం చంపుతాయి. ముందు బ్యాటరీ తీసెయ్యండి. పలుకుతుందేమో అని ఒక్కసారి కూడా పరీక్షించకండి. విప్పి, బోర్డును మంచి నీళ్లతో బురద పోయేలా కడిగి, చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో, ఆ పైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్రోల్ బంకుల్లో, ఆటోమొబైల్ షాపుల్లో దొరుకుతుంది. ఫ్యాన్ కింద కొన్ని రోజులు ఆరబెట్టండి. బియ్యంలో పాతిపెడితే పిండి సందుల్లోకి పోవడం తప్ప లాభం లేదు. పాట్‌లు, స్విచ్ మార్చాల్సి రావచ్చు, బోర్డు మాత్రం చాలావరకు దక్కుతుంది.

వా పెడల్ కిర్రుమంటోంది, సగం దూరమే పలుకుతోంది.

కిర్రుమనడం తొక్కే పలక ఇరుసు దగ్గర; కొంచెం గ్రీజు చాలు. సగం పలకడం పాట్ సంగతి. పలక కింద పళ్ల కడ్డీ ఒకటి పాట్ చక్రాన్ని తిప్పుతుంది, పన్ను జారితే పాట్ తన పూర్తి దూరం తిరగదు. కడ్డీ పక్కకు లాగి, చక్రాన్ని కొంచెం తిప్పి మళ్లీ కలపండి. పాట్ అరిగిపోతే వా కోసమే చేసిన 100కె పాట్ తెప్పించండి, మామూలు వాల్యూమ్ పాట్ వేస్తే స్వీప్ అంతా ఒక చివరే కుక్కుకుపోతుంది.

పెయింట్ పోయింది. కొత్తగా వేయించమంటారా?

వద్దు. తడి గుడ్డ, కొంచెం సబ్బు నీళ్లు చాలు. థిన్నర్ తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి, వాటితో పాటు ధర కూడా పడిపోతుంది.

పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

రెసిస్టర్లు, డయోడ్లు, ఎలక్ట్రోలైటిక్‌లు బరంపురంలోనే టీవీ రిపేరు షాపుల్లో అడగండి. పాట్‌లు, జాక్‌లకు కోల్‌కతా చాందనీ మార్కెట్ మంచిది, హౌరా మెయిన్ లైన్ మీదే ఉన్నాం కదా. హైదరాబాద్ వెళ్లేవాళ్లుంటే కోఠి గుజరాతీ గల్లీలో తెమ్మని చెప్పండి. తెమ్మనేటప్పుడు పాట్ ఫొటో పంపండి, షాఫ్ట్ పొడవు, కాళ్లు నిటారుగా ఉన్నాయా వంగి ఉన్నాయా రాయండి. లేకపోతే విలువ సరిపోతుంది, డబ్బాలో పట్టదు.

నేను చేసుకోలేను. షాపులో ఇస్తే ఏం చెప్పాలి?

‘భాయ్, కొంచెం చూడు’ అని ఇచ్చి వచ్చేయకండి. ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా నాలుగు సంగతులు కాగితం మీద రాసి అతికించండి: ఏ ఎఫెక్ట్ రావడం లేదు, బైపాస్ పలుకుతోందా, ఏ అడాప్టర్ వాడారు, అడక్కుండా ఏదీ మార్చొద్దు. తీసిన ప్రతి పార్టూ తిరిగివ్వమనండి. యాంప్‌ల పని మాత్రమే తెలిసిన మెకానిక్ అయితే పెడల్‌తో పాటు సర్క్యూట్ బొమ్మ ప్రింట్ కూడా ఇవ్వండి, ఏమీ అనుకోరు, సంతోషిస్తారు.

రిపేరు అయ్యాక ఎలా చూసుకోవాలి?

అన్ని పాట్‌లు ఈ చివరి నుంచి ఆ చివరికి, స్విచ్ పాతిక సార్లు, జాక్‌లో కేబుల్ కదిలిస్తూ ఒకసారి. తర్వాత అరగంట ఆపకుండా నడపండి. వేడెక్కాక బయటపడే తప్పులు అప్పుడే తెలుస్తాయి. మూత బిగించేముందు జాక్ కాళ్లు మూతకు తగలకుండా మధ్యలో పల్చటి ప్లాస్టిక్ ముక్క పెట్టండి. విప్పి ఉన్నప్పుడు చక్కగా పలికి, మూత పెట్టగానే మూగబోయే పెడల్స్‌లో చాలావాటికి తప్పు అక్కడే ఉంటుంది.